పెంపకానికిచ్చిన గేదె

నా అనుమానపు బుద్ధి గురించి మా ఇంట్లో అందరూ నవ్వుతారు. కూరగాయలవాడు తూచేటప్పుడు నేను కాయల్ని చూడను, వాడి వేళ్ళని చూస్తాను. ముప్ఫయ్యేళ్ళు పంతులమ్మగా చేశాను. ఏ పిల్లైనా లెక్క సరిగ్గా చేసి తెస్తే మెచ్చుకోబోయే ముందు పక్క పిల్ల పలక చూసేదాన్ని. ఇందులో నాకేమీ సిగ్గు లేదు, ఒక్క గేదె విషయంలో తప్ప.

అరవైల మొదట్లో పెనుగంచిప్రోలు బడిలో పనిచేసేదాన్ని. మా ఆయన జగ్గయ్యపేటలో ఒక నూనె మిల్లులో గుమాస్తా. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం బస్సులో ఊరొచ్చేవారు. మా అమ్మ తన కొట్టంలో పెంచి నాకిచ్చిన గేదె ఒకటి ఉండేది. అది దసరాకి ఈనింది. ఒకపక్క బడి, ఒకపక్క చంటిపిల్ల, మధ్యలో గేదె. మూడింటికీ న్యాయం చెయ్యడం నా వల్ల కాలేదు. క్రిస్మస్ దాటగానే గేదెనీ దాని దూడనీ మా చర్చికొచ్చే ఒకామెకి పెంపకానికిచ్చేశాను.

పెంపకానికివ్వడమంటే గొడ్డు ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. కాయితం ఉండదు, పెద్దమనుషులు ఉండరు, మాటే. మా మాట ఇది. నూనె తీసిన వేరుశనగ చెక్క నేను తెప్పించాలి. గడ్డి కోసుకురావడం, మున్నేట్లో కడగడం, పాలు పిండడం ఆమె చూసుకోవాలి. పొద్దుటి పాలు నాకు, సాయంత్రం పాలు ఆమెకి. మళ్ళీ పుట్టబోయే దూడ ఆమెది, పెయ్యైనా సరే, మగదైనా సరే. కాకపోతే ఎండలు ముదిరేలోగా గేదె చూడి కట్టాలి. కట్టకపోతే ఒప్పందం చెల్లదు, గేదె నా కొట్టానికి వచ్చేస్తుంది. ఆ చివరి షరతు నేను పెట్టిందే.

ఆమె ఊరి బయట పాలెంలో ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. మిరపకోతలకీ పత్తితీతకీ వెళ్ళేది. ఆదివారం ప్రార్థనలో నా వెనక చాప మీదే కూర్చునేది. వాళ్ళింట్లో నాలుగు కోళ్ళు తప్ప పాడి అన్నది ఎన్నడూ లేదు. మిరప ఘాటుకి ఏడాదిలో ఆర్నెల్లు దగ్గుతూనే ఉండేది. పెయ్య పుడితే దాన్ని పెంచుకుని, మూడు నాలుగేళ్ళకి తన గేదె పాలు తనే పిండుకుని, ఇక మిరప చేను గట్టు తొక్కకూడదని ఆమె ఆశ. ఆ ఆశ నాతో చెప్పుకుంది కూడా. అంత ఆశ పెట్టుకున్న మనిషి గేదె నోటి దగ్గర తిండి ఎందుకు తీస్తుంది? ఈ ప్రశ్న నేను అప్పుడే వేసుకోవలసింది.

వేరుశనగ చెక్క అంటే అప్పట్లో మా ఊళ్ళో అందరికీ దొరికేది కాదు. మా ఆయన మిల్లులో ఉన్నారు కాబట్టి పదిహేను రోజులకో బస్తా బస్సు మీద వేయించుకొచ్చేవారు. మొదటి బస్తా ఇచ్చేటప్పుడే, ఖాళీ బస్తా తెస్తేనే ఇంకో బస్తా ఇస్తానని చెప్పాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. బావి దగ్గర నలుగురు ఆడవాళ్ళ ముందు, నవ్వుతూనే, ఇంకో మాటన్నాను.

"గేదె కట్టకపోతే, నా చెక్క ఎటు పోయిందో నాకు తెలిసిపోతుంది సుమా."

ఆమె బస్తా నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

మొదటి నెలలోనే పాలు పెరిగాయి. చెంబుడొచ్చే చోట చెంబున్నర రావడం మొదలెట్టింది. ఇంకొకరైతే సంతోషించి ఊరుకుంటారు. నేను ఒక చుక్క తీసి బొటనవేలి గోరు మీద వేసి చూశాను. నీళ్ళు కలిస్తే జారిపోతుంది, చిక్కనివైతే నిలుస్తుంది. చుక్క నిలిచింది. అయినా నాకు గోరు మీద నమ్మకం కలగలేదు.

పదిహేను రోజులు రావలసిన బస్తా పదో రోజుకే ఖాళీ అయి వచ్చింది. అనుమానించడానికి నాకు ఇంతకంటే ఏం కావాలి? సాయంత్రం బడి వదలగానే పాలెం దారి పట్టడం అలవాటు చేసుకున్నాను. పలకరించడానికి వచ్చినట్టే ఉండేదాన్ని. కళ్ళు మాత్రం గేదె మీదే. డొక్కలు తేలుతున్నాయి. చెక్క తినే గేదెకి డొక్కలెందుకు తేలతాయి? ఆఖరికి పేడ కూడా చూసేదాన్ని. పలచగా, జారుడుగా, ముక్కు మూసుకునే వాసనతో ఉండేది. మా అమ్మ కొట్టంలో పేడ ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది చేత్తో ఎత్తితే ముద్దగా వచ్చేది. ఈవిడ మంచి చెక్క ఎక్కడో అమ్మేసి, పాడైపోయిన కుడితేదో గేదెకి పోస్తోందని తేల్చుకున్నాను. నా కళ్ళ ముందే సాక్ష్యం పడి ఉంది. దాన్ని నేను చదువుకున్న తీరు అదీ.

ఇది చాలదన్నట్టు పక్కింటి పెద్దావిడ ఇంకో పుల్ల వేసింది. గేదె చూడి కడితే పాలు తగ్గిపోతాయి కదా, రోజూ సాయంత్రం పాలు చేతికొస్తుంటే ఏడాది తర్వాత పుట్టే దూడ కోసం ఎవరైనా తొందరపడతారా అంది. ఆ మాట నాకు సూదిలా దిగింది. జనవరిలో ఒకసారి, మళ్ళీ మూడు వారాలకి ఇంకోసారి గేదె ఎదకొచ్చిందనీ, రెండుసార్లూ దున్నపోతు దగ్గరికి తోలుకెళ్ళాననీ ఆమె చెప్పింది. రెండుసార్లూ నిలవలేదు. అసలు తోలుకెళ్ళిందా అని దున్నపోతు యజమానిని రహస్యంగా అడిగి కనుక్కున్నాను. తోలుకొచ్చిందనే చెప్పాడు. వాళ్ళిద్దరూ కూడబలుక్కున్నారేమో అనుకున్నాను. అంతదాకా పోయింది నా బుద్ధి.

నందిగామ పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరు వారానికో రోజు మా ఊరు వచ్చేవాడు. ఆమె చేలో ఉండే వేళ చూసి ఆయన్ని పాలెం తీసుకెళ్ళాను. దొంగని పట్టుకోబోయేటప్పుడు దొంగకి చెప్పకూడదని నా తెలివి. ఆయన గేదె చుట్టూ తిరిగాడు, డొక్కలు తడిమాడు, పుల్లతో పేడ కదిపి చూశాడు. ఏం పెడుతున్నారని అడిగాడు. చెక్క అన్నాను గొప్పగా. బస్తా పది రోజులకే అయిపోతోందని కూడా చెప్పి, ఆ పోయేదంతా గేదె కడుపులోకే పోతోందా లేదా కనిపెట్టగలరా అన్నాను. దానికి ఆయన జవాబు చెప్పకుండా, చొప్ప ఏదీ అని అడిగాడు. చొప్ప ఆమె పూచీ అన్నాను. తవుడు? నేనెప్పుడూ పంపలేదు. చూరు కింద చూస్తే గట్ల మీద కోసుకొచ్చిన గడ్డి చిన్న మోపు ఒకటి ఉంది, అంతే. సెంటు పొలం లేని మనిషికి జొన్నచొప్ప ఎక్కడి నుంచి వస్తుందని నేను ఒప్పందం రోజున ఆలోచించలేదు.

"చెక్కంతా దీని కడుపులోకే పోతోందమ్మా. ఆ పేడే చెప్తోంది," అన్నాడు డాక్టరు. "చెక్క పాలు పిండుతుంది. కానీ ఒళ్ళు నిలబడాలంటే చొప్ప, తవుడు, కాసిని జొన్నలు కావాలి. ఒట్టి చెక్క ఇంతింత దట్టిస్తే గేదె పాలిస్తుంది గానీ కట్టదు. సగానికి తగ్గించండి."

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ పూర్తిగా తెలియదు. చెక్క అసలు లేకపోయినా గేదె ఎదకి రాదని, పాలు తగ్గుతాయని అందరికీ తెలుసు. ఎక్కువైనా కష్టమేనని నేను వినడం అదే మొదలు. మాకు తెలిసిన లెక్క ఒకటే, ఖరీదైనది ఎంత ఎక్కువ తింటే అంత మేలు. ఇంటికి నడుస్తూ ఆయన చెప్పింది నెమరువేసుకున్నాను. ఆమె దొంగ కాదన్న మాట కూడా అందులోనే ఉంది. కానీ నేను పట్టుకున్నది సగానికి తగ్గించమన్న మాటనే. డాక్టరు ఆమెని వెనకేసుకొస్తున్నాడేమో అని కూడా ఒక క్షణం అనిపించింది.

ఆ శనివారం సగం బస్తాయే ఇచ్చాను. బండెడు జొన్నచొప్ప కొని తోలించాను, తవుడు పంపాను. ఇక మీదట చెక్క ఇంతేనని చెప్పాను. డాక్టరు సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె లేనప్పుడు ఆమె ఇంటికి వెళ్ళిన సంగతి కూడా చెప్పాలిగా. ఆమె సగం బస్తా వంక, నా ముఖం వంక చూసింది. ముఖం నల్లబడింది. అప్పటికే ఫిబ్రవరి నడుస్తోంది, పగటి ఎండ చురుక్కుమంటోంది.

వారం తిరిగేసరికి ఆమె, జగ్గయ్యపేటలో చెల్లెలికి ఒంట్లో బాగాలేదని చెప్పి మూడు రోజులు ఊళ్ళో లేదు. గేదెని వాళ్ళాయన చూసుకున్నాడు. ఆమె తిరిగొచ్చాక నేను మళ్ళీ పాలెం వెళ్ళాను. చెక్క సగమైంది కదా, పేడ గట్టిపడాలి. పడలేదు. అదే జారుడు, అదే వాసన. మరైతే చెక్క ఎక్కడి నుంచి వస్తోంది? ఒకే ఒక్క జవాబు తోచింది. ఇదివరకు నొక్కేసి దాచిన చెక్క ఇప్పుడు బయటికి తీస్తోంది. ఇన్నాళ్ళకి దొరికిందని ఒళ్ళంతా ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహం తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆదివారం ప్రార్థన మధ్యలో తలనొప్పని లేచి బయటికొచ్చాను. పాలెంలో అందరూ చర్చిలోనే ఉన్నారు. ఆమె ఇంటికి తలుపంటూ లేదు, తడిక జరిపి లోపలికెళ్ళాను. జొన్నల కుండ పక్కన ఇంకో కుండ, మూతికి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ విప్పితే నిండా చెక్క పెళ్ళలు. ఒక పెళ్ళ తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. ప్రార్థన వదిలి ఆమె వచ్చేదాకా అలాగే కూర్చున్నాను, ముద్దాయి కోసం ఎదురుచూసే జడ్జీలాగా.

ఆమె వచ్చి నన్నూ, నా చేతిలో పెళ్ళనీ చూసింది. నా ఇంట్లోకి ఎందుకొచ్చారని అడగలేదు. ఇదెక్కడిదని నేనే అడిగాను.

"మీది కాదండి, నాదే. చెల్లెలికి బాగాలేదన్నది అబద్ధమండి. మూడ్రోజులు అయ్యగారి మిల్లులోనే కాయలు వలిచా. కూలి కింద డబ్బులొద్దు, చెక్కే ఇమ్మని తెచ్చుకున్నా."

ఎందుకని అడిగాను. ఆమె తల పైకెత్తి మాట్లాడింది, నాతో అలా మాట్లాడడం అదే మొదటిసారి.

"గేదె కట్టకపోతే దొంగదాన్నన్నారు. దొంగదాన్ని కాకూడదని బస్తాలకి బస్తాలు దానికే దట్టించా. ఇప్పుడేమో ఎండలొచ్చే ముందు చెక్క సగం చేశారు. గేదె కట్టకూడదనీ, దూడ నాకు ఇయ్యకూడదనీ కాకపోతే ఎందుకు చేస్తారండి? అందుకే నా కూలితో నేనే పెట్టుకుంటన్నా."

మొదట ఆమె దట్టించిన చెక్కకి నా అనుమానమే కారణం. దాన్ని మాన్పించబోతే ఆమె అనుమానం మళ్ళీ తినిపించింది. మధ్యలో ఆ మూగ జీవి పేడ వేసుకుంటూ నిలబడింది. చేతిలో పెళ్ళ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అరుగు మీదే పెట్టి వచ్చేశాను.

ఇంట్లో మా ఆయన్ని అడిగాను, ఆమె మిల్లుకి వచ్చిందా అని. వచ్చింది, మూడు రోజులు పని చేసింది, కూలికి చెక్కే పట్టుకెళ్ళింది అన్నారు. మరి నాతో ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని తగులుకున్నాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. చెప్తే మిల్లులో కూడా దొంగిలిస్తోందంటావని భయపడ్డానన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

డాక్టరు మళ్ళీ వచ్చే రోజున ఆమెని పని మాన్పించి, గేదె దగ్గర నిలబెట్టి, నాకు చెప్పిందంతా ఆమెకి చెప్పమన్నాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. చెక్క ఎంత పెట్టాలో దోసిలి పట్టి చూపించాడు. ఆమె అంతా విని, ఒక సందేహం అడిగింది. కాయితం మీద రాసిస్తే మళ్ళీ పంతులమ్మగారే చదవాలి, కాబట్టి కాయితం వద్దు, గేదె మీద చెయ్యేసి చెప్పగలరా అంది. ఆయన నవ్వి, గేదె వీపు మీద చెయ్యి వేసి చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. అవమానమే అనిపించింది, కానీ పట్టుమని ఒక్క మాట అనే అర్హత నాకు లేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె తన కుండలో చెక్కని నేనిచ్చిన దాంట్లోనే కలిపి, డాక్టరు చూపిన దోసిళ్ళ లెక్కనే పెట్టింది. చొప్ప నరికి, తవుడు తడిపి కలిపింది. రెండు వారాలకి పేడ ముద్దకట్టింది. పాలు కొంచెం తగ్గాయి. మార్చి మొదట్లో గేదె ఎదకొచ్చింది, ఈసారి నిలిచింది. ఎండలు ముదిరేలోగానే. నేను పాలెం వెళ్ళడం మానేశాను. ఆమె పాలు తెచ్చి గుమ్మంలో పెట్టేది, నేను గిన్నె ఇచ్చేదాన్ని. మాటలు అంతంతమాత్రం.

గేదె నిండు చూడితో ఉండగా నాకు నందిగామ బదిలీ అయింది. వెళ్ళిన చోట నా కొట్టం నాకుంది, పాలు కావాలి, గేదెని తీసుకెళ్ళక తప్పదు. దూడ నీదే, మాట మాటే అన్నాను. ఆమె సరేనంది. బండి వెనక కట్టి తోలుకెళ్తే కడుపులో దూడకి దెబ్బని, తనే దాన్ని పట్టుకుని నందిగామ దాకా నెమ్మదిగా నడిపించుకొచ్చింది. మధ్యమధ్య నీడలో నిలబెట్టి, నీళ్ళు పెట్టి, పొద్దువాలేలోపు నా కొట్టంలో కట్టేసింది. వెళ్ళేముందు దాని కడుపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. ఈనగానే కబురు చెయ్యమని మాత్రం చెప్పింది, రెండుసార్లు.

గేదె జనవరిలో ఈనింది. మగదూడ. అబద్ధం ఎందుకు, చూడగానే నా మనసు తేలికపడింది. పెయ్య అయితే కళ్ళెదుటే పోగొట్టుకోవాలి, మగదైతే పోతే పోనీ. ఆ తేలికదనం ఎంతోసేపు లేదు. ఆమె నమ్ముతుందా అన్న ఆలోచన వచ్చింది. పక్క వీధిలో ఇంకో గేదె అదే వారంలో పెయ్యని ఈనింది. నేనే ఆమె స్థానంలో ఉంటే ఏమనుకుంటానో నాకు బాగా తెలుసు.

కబురందిన మూడో రోజున బస్సు దిగి వచ్చింది. నేను మగదని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, నేను కొన్నేళ్ళుగా అందరినీ చూసే చూపే. కొట్టంలోకి వెళ్ళి, దూడ మెడలో తాడు విప్పి, తల్లి వెనక్కి కాకుండా ముందుకి, మూతి దగ్గరికి తోసింది. పరాయి దూడైతే గేదె తలతో కుమ్మేస్తుంది. మా గేదె దూడని వాసన చూసింది, మూలిగింది, తల నుంచి తోక దాకా నాకడం మొదలెట్టింది. దూడ పొదుగు అందుకోగానే గేదె పాలు చేపింది. పాలు నురగలు కక్కాయి. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని చివరిదాకా చూసింది.

"దీని దూడేనండి," అంది లేచి.

నా మాట మీద కాదు, గేదె మాట మీద నమ్మింది. దగ్గు ఆపుకుంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇంకో నాలుగేళ్ళు, ఇంకా ఎన్నేళ్ళో, ఆమె మిరపచేలకే పోవాలి. ఉన్నపళంగా అన్నాను, ఈ దూడ నీదే, గడ్డి కొరికేదాకా నా దగ్గర ఉంచుకుని ఇస్తాను, వచ్చే ఈతలో పెయ్య పుడితే అదీ నీకే, కొత్త షరతులేవీ లేవు అని. ఈసారి నిజంగానే ఇవ్వాలనుకున్నాను.

ఆమె దూడ వీపు నిమురుతూ తల అడ్డంగా ఊపింది. కోపంగా అనలేదు. అలిసిపోయిన మనిషి అన్నట్టు అంది.

"వద్దండి పంతులమ్మగారూ. ఇంకో రెండేళ్ళు మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండటం నా వల్ల కాదు."

వేసవి సెలవులైపోయి బడులు తెరిచాక వచ్చి దూడని తోలుకెళ్ళింది. నేను బడిలో ఉన్నాను, ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా ఆయన తాడు చేతికిచ్చారట.